మొఖం పోతె పోనీ, నేత పోవద్దు

"కాక పోయిండు!" అని ఫోన్‌లో అరిచాడు సాంచాలకు నూలు బీములు ఎక్కించే అన్న. మా బాపు పనిచేసే కార్ఖానాలోనే అతనూ పనిచేస్తాడు. వెనకాల సాంచాలు టకటకా ఆడుతున్నాయి. మరమగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచా అంటాం. పది సాంచాలు ఆడుతున్న చోట నిలబడి ఎవరైనా అరవాల్సిందే. జిరాక్స్ షాపులో నుంచి నేనూ అరిచాను.

"ఏడికి?"

"ఏడికో నాకెట్ల ఎరుక? పోయిండు!"

"బస్సుకు పోయిండా?"

"ఓరి నీ... పానం పోయిందిరా!"

మిషన్ నడుస్తూనే ఉంది. ఎవరిదో ఆధార్ కార్డు, రెండు కాపీలు చాలన్నది పది దాకా వచ్చేసింది. అన్న ఫోన్ పెట్టలేదు. గొంతు తగ్గించి, అంటే అతని లెక్కలో పక్క వీధికి మాత్రమే వినిపించేటట్టు అడిగాడు: "మరి ఆఖరి భాగం అయిందా, కాలేదా?"

నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయిన మాటా, సీరియల్ మాటా ఒక్క ఊపిరిలోనేనా అని తిట్టి ఫోన్ పెట్టేశాను. కాక ఇంటికి నడిచి వెళ్ళే పది నిమిషాల్లో మరో నలుగురు అదే అడిగారు. పాన్‌డబ్బా దగ్గర ఒక పెద్దాయన మాత్రం తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ అడిగాడు. ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు.

కాక నాకు చుట్టం కాదు. మా వాడకట్టులో అందరికీ కాకే. పూర్తిగా చెప్పాలంటే క్యాసెట్ల కాక. ముప్పై ఏళ్ళు సాంచాలు నడిపాడు. మా వీధిలో మొదటి వీసీఆర్ ఆయనదే. ప్రభుత్వ టీవీలో వారానికోసారి ఒక హిందీ సీరియల్ వచ్చే రోజుల్లో, డెబ్బై రెండు భాగాలనూ ఒక్కటి తప్పకుండా క్యాసెట్ల మీద ఎక్కించి పెట్టుకున్నాడు. అందులో ఒక బక్క ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. ఎవరినీ కొట్టడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగిందే అడుగుతాడు. చివరికి చంపినవాడు విసిగిపోయి తానే ఒప్పుకుంటాడు. ఆ క్యాసెట్లకు బూజు పడుతుంటే చూడలేక, సాంచా మానేశాక కాక ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. ఆ సీరియల్‌ను కుదించడం ఆయన మలి బతుకంతా అయింది. కుదించడమంటే, బొమ్మ మరీ చెడకుండా వీడియోను వీలైనంత చిన్నది చేసి, కార్ఖానా వాళ్ళ చవక ఫోన్లలోని చిన్న మెమరీ కార్డులో పట్టించడం. వారానికి ఒక భాగం. బుధవారం పొద్దున కాక అరుగు దగ్గర ఫోన్లు పట్టుకుని వరస కట్టేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం తిన్నాక ఆఖరి భాగం పని మొదలుపెట్టి కుర్చీలో కూర్చున్నాడట. కుదింపుకు గంటలు పడుతుంది, ఆ గంటల్లో ఆయన కునుకు తీస్తాడు. కాక భార్య చిన్నమ్మకది అలవాటే. ఛాయ్ తెచ్చిపెట్టింది. చల్లారితే తీసుకుపోయి వేడి చేసి మళ్ళీ తెచ్చింది. రెండోసారికి ఆమెకు అర్థమైంది. నేను వెళ్ళేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. లోపల కంప్యూటర్ మాత్రం పని చేస్తూనే ఉంది. డెబ్బై ఒక్క శాతం. ఆపనా అని చిన్నమ్మను అడిగాను.

"ఎందుకు? కానియ్ బిడ్డా. సగంల బందువెడితే ఆయినెకు కోపం" అంది.

బంధువులు దిగుతున్నారు, ఏడుపులు లేస్తున్నాయి, లోపల అది తన పాటికి తాను లెక్క పెడుతోంది. పాడె కట్టేవేళకు పూర్తయింది.

మా ఇద్దరి పరిచయం తిట్టుతోనే మొదలైంది. తిట్టింది నేను. నా చదువంతా కరపత్రాలే. బస్టాండులో దొరికినవి, సభల్లో పంచినవి, గోడ మీంచి సగం చిరిగినవి కూడా వదల్లేదు. చదివినవాడు రాయకుండా ఉండగలడా? కార్ఖానాల్లో గాలి ఆడదు, దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతోంది, గోడకు కిటికీ పెట్టమంటే కార్ఖానాలు నడిపించే ఆసాములు నవ్వుతున్నారు. దాని మీద నాలుగు పేజీల కరపత్రం రాసి, షాపులోనే కొట్టి పంచాను. పేరు: "హంతకుల వేటలో మునిగిన కార్మికులారా, మీ ఊపిరి తీస్తున్న హంతకుడెవరు?" మూడో పేజీలో కాక మీద ఒక పేరా ఉంది. పేరు రాయలేదు గానీ "సెల్‌ఫోన్ల ద్వారా మత్తుమందు పంచుతున్న మాజీ కార్మికుడు" అంటే మా వీధిలో ఎవరికి తెలియదు?

మూడో రోజు కాక షాపుకొచ్చాడు. చేతిలో నా కరపత్రం. దానికి నూనె మరక.

"గీ మత్తుమందోన్ని నేనేనా?"

"అవును" అన్నాను. భయపడే రకం కాదు నేను.

"మంచిగ రాసినవ్. ఎంతమంది సదివిండ్రు?"

మిగిలిన కరపత్రాల కట్టను కౌంటర్ కిందికి తోశాను.

"నేను సదివిన. రెండు రోజులు వట్టింది. నడుమ మా ఇంటామె పల్లీలు పొట్లం గట్టింది, గందుకే జర ఆలిశం."

స్టూలు లాక్కుని కూర్చుని జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశాడు. పొట్టి పెన్సిల్. "శ్రామిక సోదరులారా అని పదకొండు సార్లున్నది. వాళ్ళు ఏడికన్న లేసి పోయిండ్రా? ఒకసారి పిలిసినవ్ గద, ఆన్నే కూసున్నరు." పది చోట్ల కొట్టేశాడు. "దోపిడి, దోపిడి, దోపిడి. ఇది గోడ అసుంటిది. మొదలు జూపెట్టినవ్. గోడ కదల్తదా? కదలనిదాన్ని మల్ల మల్ల ఎందుకు జెప్పాలె?"

"ఇది కరపత్రం కాకా, సీరియల్ కాదు!"

"రెండు ఒక్కటే. నేసుడు జూడలేదా నువ్వు? పడుగు ఒక్కసారి ఎక్కిస్తం. అటెన్క పేకనే ఆడేది. వీడియో గూడ గంతే పిలగా. మొదటి బొమ్మ పడుగు. గోడ, బీరువ, కుర్చి, ఇన్స్‌పెక్టరు, అన్ని ఒక్కసారి పెడ్తం. అటెన్క ఆయన చెయ్యి లేపిండనుకో, చెయ్యి లేసిందని గంతే రాస్తది కంప్యూటరు. బీరువ ఆన్నే ఉన్నదని మల్ల రాయది."

వీడియో కుదింపు గురించి తర్వాత ఇంటర్నెట్లో పేజీలకు పేజీలు చదివాను. అందులో ఉన్నదంతా ఇదే. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఎర్ర పెన్సిల్ పని అయ్యేసరికి నా నాలుగు పేజీల్లో మిగిలింది ఇది: "ఊపిరాడ్తలేదు. కిటికీ కావాలె. ఐతారం పొద్దుగాల పదింటికి ఆసామి ఇంటి ముందట." నాకు కన్నీళ్ళొచ్చాయి. బాధతో కాదు, కోపంతో. చరిత్ర, సిద్ధాంతం, ప్రపంచ కార్మిక పోరాటాలు, అన్నీ పోయాయి. కాక మాత్రం ఆ మూడు మాటలనూ తీసుకుపోయి బుధవారం భాగంలో సీరియల్ పాట ఉండే చోట పెట్టాడు. పాటను ఎప్పుడో తీసేశాడు. "ఒకసారి జూసినంక దాన్ని ఎవలు జూస్తరు? ప్రతి భాగంల నిమిషం జాగ దింటది" అనేవాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం కనిపించే ముందు కార్ఖానాలో అందరి ఫోన్లలోనూ పది సెకన్లు నా డిమాండ్ నిలబడింది.

ఆదివారం ఆసామి ఇంటి ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. సగం మంది, అది సీరియల్ గురించిన మీటింగ్ అనుకుని వచ్చారని తర్వాత తెలిసింది. అయితేనేం, జనం జనమే. కార్ఖానాకు రెండు కిటికీలు పడ్డాయి. ఒకటి తెరుచుకోదు. దాని మీద ఇంకో కరపత్రం రాశాను, ఈసారి నాలుగు వాక్యాలు. కాక చదివి ఒకటి కొట్టేశాడు.

అప్పటి నుంచి సాయంత్రం షాపు మూశాక ఆయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. తెలుగు టైపింగ్ వచ్చిన మనిషి ఆయనకు కావాలి. నాకేం కావాలో నాకప్పుడు తెలియదు. చిన్నమ్మ ఛాయ్ ఇచ్చి, "ఇగో, ఇంకో పిస్సోడు దొరికిండు" అనేది.

కుదింపు చేసే మనిషి పక్కన కూర్చుని నేర సీరియల్ చూడటం మామూలుగా చూడటం కాదు. వాన పడే సీను వస్తే కాక నెత్తి పట్టుకునేవాడు. వానలో ప్రతి చుక్కా కదిలేదే. అన్నీ మళ్ళీ మళ్ళీ రాయాల్సిందే, ఫైలు ఉబ్బిపోతుంది. "సంపేటోడు ఎండకాలంల సంపొచ్చు గద! గీ డైరెక్టరుకు జాగ విలువ తెల్వది." సిగరెట్ పొగ వస్తే ఇంకా తిట్లు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు అనుమానంగా చూసుకునే సీను వస్తే మాత్రం ముఖం వెలిగిపోయేది. "సూడు, ఎంత మంచి సీను. ఏం కదల్తలేదు." ఇన్‌స్పెక్టర్ ఎంతసేపు ఆలోచిస్తే ఆయనకంత ఇష్టం.

తొందరగా చేసే పద్ధతి ఉంది, నిదానంగా చేసే పద్ధతి ఉంది. నిదానంగా చేస్తే ఫైలు ఇంకా చిన్నదవుతుంది. నేను తొందరది పెట్టమనేవాణ్ణి. "కంప్యూటరును ఎంతసేపు సోంచాయించనిస్తే గంత సిన్నగ జెప్తది" అన్నాడొకసారి, నన్ను చూడకుండా. "మనుషులు గూడ గంతే అంటరు. నాకైతే ఎవలు కనవడలే."

జాగా మరీ తక్కువైనప్పుడు ఏదో ఒకటి చెడాలి. ఏది చెడాలో మనమే చెప్పొచ్చు. ఎవరైనా ముఖాలు కాపాడుకుంటారు. కాక బట్టలు కాపాడేవాడు. ముఖం గళ్ళుగళ్ళుగా చెదిరిపోయినా సరే, చీర అంచు, కోటు మీది గీత మాత్రం స్పష్టంగా ఉండాలి. "మొఖం పోతె పోనీ, నేత పోవద్దు" అనేవాడు. పిచ్చి పట్టుదల అనుకున్నాను. కార్ఖానాకు పోయి చూస్తే అర్థమైంది. అక్కడి వాళ్ళు సీరియల్లో మనుషుల్ని ముఖంతో కాక బట్టతోనే గుర్తుపడుతున్నారు. "ఆ గళ్ళ అంగోడు అబద్ధమాడ్తుండు." "కాదుర, సన్నగీతల చీరామె." డెబ్బై భాగాలు చూసినా సగం మందికి పాత్రల పేర్లు తెలియవు, నేతలు తెలుసు.

ఇక మాటల సంగతి. కుదించేటప్పుడు కాక సప్పుడు మొత్తం తీసేసేవాడు. "సాంచాల కాడ ఎవలికి ఇనవడ్తదిరా? జాగ దండుగ." దాని బదులు బొమ్మ కింద తెలుగు మాటలు వేయాలనేది ఆయన ఆలోచన. ఆయన చెప్పేవాడు, నేను టైప్ చేసేవాణ్ణి. మా ఇన్‌స్పెక్టర్ మా భాషే మాట్లాడేవాడు: "నిజం జెప్పు తమ్మీ, నాకు పప్పు బువ్వ తినే టైమైతుంది." "సేటూ, నీ మాటల పోగు తెగింది." శవాన్ని చూసిన డాక్టర్, "ఇగ ఏం లేదు, తీస్కపోండ్రి" అనేవాడు. ఇంత మంచి అనువాదం ఏ పండితుడు చేయగలడని నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను.

కిందటి నెల ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి కాక కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో సర్దుతున్నాడు. ఆయన బట్టతల మీద పడిన దారపు పోగును చూస్తూ, కుదించని పాత ఫైలు ఒకటి నా ఫోన్‌లో ఉందని గుర్తొచ్చి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడిపాను. ఏదో పాత కేసులో ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌లో టికెట్లిచ్చే అతన్ని అడుగుతున్నాడు. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీకి కూడా అర్థమయ్యే ప్రశ్న: రైలు ఎన్నింటికి? అతను చెబుతున్నాడు: ఆరున్నరకు. ఆ సీనుకు నేను టైప్ చేసిన మాటలు నాకు కంఠతా వచ్చు. "నీ అవ్వ బాగున్నదా?" "ఏం బాగు సారూ, మోకాళ్ళ నొప్పులు."

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. రైలే.

"కాకా!" అని అరిచాను. ఆయన తిరగలేదు. "కాకా, ఇదంతా అబద్ధం!" అని ఇంకా గట్టిగా అరిచాను. ఆయన మౌస్ కదుపుతూనే ఉన్నాడు. వంటింట్లోంచి చిన్నమ్మ వచ్చి నా వైపు చూసి, నోటికి వేలు అడ్డం పెట్టుకుని నిలబడింది. అప్పుడు నాకు తెలిసింది.

భుజం తట్టాను. తిరిగాడు. నా ముఖమూ, చెవిలోని ఇయర్‌ఫోనూ చూశాడు. మౌస్ వదిలేశాడు.

"ఎన్నేండ్ల నుంచి?" అని పెదాలు బాగా కదుపుతూ అడిగాను.

"సాంచాలు బందువెట్టక ముందు నుంచే. ముప్పై ఏండ్లు గా సప్పుడుల నిలవడితె ఏముంటయిరా చెవులల్ల?" నవ్వాడు. "నువ్వు సైగలు జెయ్యకు. కార్ఖాన మనిషిని, నోరు జూస్తె నాకు సగమన్న తెలుస్తది. టీవోళ్ళదే కష్టం, పక్కకు తిరిగి మాట్లాడ్తరు."

"మరి మాటలు?"

"మొఖాలు జూసి, బట్టలు జూసి రాసిన. నడుమ నడుమ అతుకు వడ్డది. పడుగు మంచిగున్నది గద, పేక నాది."

నాకు కోపం రావాలి. నిజానిజాల విషయంలో నేను తండ్రినైనా వదలను. వచ్చింది కూడా. కార్మికులను మోసం చేయడం కాదా ఇది అని అడిగాను. అప్పుడాయన చెప్పిన మాట నేను కుదించకుండా ఇక్కడ రాస్తున్నాను.

"మనుమరాలు టీవీ జూస్తుంటె పక్కకు కూసున్న. ఏమన్నడు బిడ్డా అన్న. జెప్పింది. జరసేపైనంక మల్ల ఏమన్నడన్న. జెప్పింది. మూడోసారి అడిగితె, నువ్వు లోపటికి పో తాతా అన్నది. సిన్న పోరి, దాని తప్పేం లేదు. నేను లోపటికి పోయిన. గప్పుడనిపించింది, గీ వాడకట్టుల ఎంతమంది గిట్ల లోపటికి పోయిండ్రో అని. ఎవలైన బయటికి జెప్తరా? ఎవలు జెప్పరు. ఏమన్నడు అని ఎవల్నీ అడుగకుంట ఒక్క సీరియలన్న సూడాలె వాళ్ళు. మాటలు సరిగ్గున్నయా లేదా అనేది తర్వాతి మాట."

ఆ రోజు ఇంటికి పోయి బాపును చూశాను. టీవీ ముందు కూర్చున్నాడు, వార్తలు. ఎవరో మంత్రి మాట్లాడుతున్నాడు. "ఏమన్నడు బాపూ?" అని అడిగాను. "ఏమో, ఏదో అన్నడు" అన్నాడు, కళ్ళు తిప్పకుండా. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. కార్మికుల ఊపిరితిత్తుల మీద నాలుగు పేజీలు రాశాను. చెవుల మీద ఒక్క వాక్యం లేదు.

మర్నాడు కాక నాతో ఒట్టు వేయించుకున్నాడు, తనకు వినబడదని ఎవరికీ చెప్పొద్దని. ఇప్పుడెందుకు చెప్తున్నావంటారా? రాసేముందు చిన్నమ్మను అడిగాను. "రాయి బిడ్డా. ఇప్పుడు ఎవలేమన్న ఆయినెకు ఇనవడదు. అప్పుడూ ఇనవడకపోయేది" అంది.

అప్పటికి మిగిలింది చివరి కేసు ఒక్కటే. రెండు భాగాలు. మొదటి భాగం ఆ వారమే అందరి ఫోన్లలోకి పోయింది. ఒక బట్టల సేటు ఇంట్లో అతని తమ్ముడు హత్యకు గురవుతాడు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది సేటు, అతని గుమస్తా, వంటామె. చీకట్లో మెట్లు దిగిపోయే మనిషి ముఖం కనబడదు, కోటు మాత్రం కనబడుతుంది: ఏటవాలు గీతల నేత, మోచేతి దగ్గర చిరుగును రఫూ చేసిన గుర్తు. కాక ఆ నేతను కంటికి రెప్పలా కాపాడాడు. ఆ కోటు సేటుదేనని మొదటి సీన్‌లోనే తెలుసు. ఇన్‌స్పెక్టర్ చేత "సేటూ, కోటు మాట్లాడ్తది" అనిపించాడు కూడా. కార్ఖానాలో అందరూ సేటే అని తేల్చేశారు. నేనైతే అందరికంటే ముందు తేల్చేశాను. నా కరపత్రాల ప్రకారం కూడా సేటే కావాలి.

"ఆఖరి భాగం నువ్వు ఇని రాయి" అన్నాడు కాక. "గని సేటే. సూడు కావాలంటె. మనిషి అబద్ధమాడ్తడు, నేత ఆడదు." తర్వాత నాలుగు రోజులకు పోయాడు.

దినాలు ముగిసేదాకా ఎవరూ అడగలేదు. ముగిసిన మర్నాడే బీములెక్కించే అన్న షాపు ముందు నిలబడ్డాడు. నేను చిన్నమ్మ ఇంటికి వెళ్ళి, కుదించని ఫైలుకు ఇయర్‌ఫోన్ తగిలించి, కాక కుర్చీలో కాకుండా పక్క స్టూలు మీద కూర్చుని విన్నాను.

సేటు కాదు. గుమస్తా. సేటు పాతబడిన తన కోటును దసరాకు గుమస్తాకు ఇచ్చేశాడు. మొదటి భాగమూ పెట్టి విన్నాను, ఆ ముక్క అందులోనే వంటామె అంటుంది, గిన్నెలు కడుగుతూ, అటు తిరిగి. ఆ సీనుకు కాక రాయించింది: "ఉప్పు అయిపోయింది."

ఇయర్‌ఫోన్ తీసేశాను. నిజం రాస్తే, మొదటి భాగంలో మాటలు ఎలా తప్పాయని ఎవరో ఒకరు అడుగుతారు. ఒకటి లాగితే డెబ్బై భాగాలూ ఊడిపోతాయి. కాకకు వినబడదని బయటపడుతుంది, బతికుండగా ఆయన దాచుకున్నది పోయాక నేను విప్పినట్టవుతుంది. అబద్ధం రాస్తే ఎవరికీ నష్టం లేదు. సేటు హంతకుడవుతాడు, నాకూ బాగుంటుంది. నా పదకొండు శ్రామిక సోదరులారాలూ చప్పట్లు కొడతాయి. ఇంత తేలికైన అబద్ధం నాకు ఎప్పుడూ ఎదురు కాలేదు.

చిన్నమ్మకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"గుమస్తానా? పాపం" అంది. ఎవరిని పాపం అన్నదో తెలియదు. కాసేపటికి, "ఆయినె నీకు ఇని రాయుమన్నడా, లేదా?" అంది.

"అన్నడు. గని సేటే అన్నడు."

"సేటని ఆయినె అనుకున్నడు. ఇనుమని నీకు జెప్పిండు. రెండిట్ల ఏది పని?" చాట ఒక్కసారి చెరిగి, "ఒక్కటన్న ఆయినెకు సరింగ ఇనిపియ్యి" అంది.

విన్నది విన్నట్టు రాశాను. కాక కుదించి పెట్టిన బొమ్మ కింద ఆ మాటలు వేసి బుధవారం పంచాను.

మధ్యాహ్నం బువ్వ తినేవేళకు నేనే కార్ఖానాకు వెళ్ళాను. ఏమైనా అంటే ముఖం మీదనే పడాలి, దాక్కోవడం నాకు చేతకాదు. సగం సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. తక్కినవాళ్ళు సద్దులు విప్పి ఫోన్ల మీద వంగారు. బాపు కూడా. గుమస్తా తల వంచుకుని ఒప్పుకునే సీను రాగానే ఒకేసారి పది తలలు లేచి నన్ను చూశాయి.

"ఏందిర గిది?" అన్నాడు బీములెక్కించే అన్న.

"అదే అన్నా. గుమస్తానే."

"కోటెవలిది?"

"సేటుదే గని, ఇచ్చిండట."

"సేటు కోటిచ్చిండా? సేటు?" పక్కనున్న ముసలాయన పచ్చడి వేళ్ళు గాల్లో ఆడించాడు. "పిలగా, నేను నలభై ఏండ్ల సంది సేట్లను జూస్తున్న. దసరాకు ముక్కు తుడుసుకునే దస్తి గూడ ఇయ్యలే. కోటిస్తడా?"

"టీవీలో గుమస్తానే అన్నడు! నా చెవులతో విన్న!"

"నీకు సక్కగ ఇనవడ్తలేదు!" అని అరిచాడు అన్న. అందరూ పగలబడి నవ్వారు. "కాక ఉంటె గిట్ల గానిచ్చెటోడా? కాక రాసిందాంట్ల ఒక్క తప్పు జూపెట్టు. నిన్న మొన్న మాటలు రాస్తున్నవ్, దవఖానకు పోయి చెవులు జూపిచ్చుకో!"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. జీవితంలో నేను మింగిన మొదటి జవాబు అదేనేమో. అంతకుముందు మింగింది గుర్తు లేదు. కాక పేరు చెక్కు చెదరలేదు, నేను చెవిటివాణ్ణయ్యాను. నిజం రాసినందుకు ఇంత మంచి శిక్ష ఇంకెవరికీ పడి ఉండదు.

బయటికి వస్తుంటే కండెలు చుట్టే అవ్వ చెయ్యి పట్టి ఆపింది. చెవి దగ్గర నోరు పెట్టి, అయినా గట్టిగానే చెప్పింది: "వాళ్ళ మాటలకు ఫికర్ జెయ్యకు కొడుకా. కాకకు ఇనవడదని మాకందరికి ఎరుకే. మాకు మాత్రం ఎవలికి ఇనవడ్తదని? గట్లనే మంచిగుండె." నేను నోరు తెరిచాను. ఆమె నా నోటి వైపు ఒకసారి చూసి, నేను ఏమీ అనకముందే తలూపి, తన రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది.

బువ్వ వేళ అయిపోయింది. ఆగిన సాంచాలు ఒక్కొక్కటీ మొదలయ్యాయి. బాపు చేతులు కడుక్కుని తన రెండు సాంచాల మధ్య నిలబడ్డాడు. సేటు కాదంటే ఆయనా నమ్మినట్టు లేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. సాంచా పక్క చెక్క మీద ఫోన్ నిలబెట్టి ఉంది. అదురుకు ఆ ఫోన్ నిలవదు. కళ్ళద్దాలు తుడుచుకుంటున్న ఇన్‌స్పెక్టర్‌తో సహా గోరంత గోరంత జరుగుతూ చెక్క అంచుకు వస్తుంది. బాపు తెగిన పోగు అతుకుతూ, అటు తిరిగి చూడకుండానే, ఒక వేలితో దాన్ని వెనక్కి నెడతాడు. అది మళ్ళీ బయల్దేరుతుంది.